కొండ ఊరికి పాత జీపు ఇచ్చేముందు

కొత్త బండి ఇంటి ముందుకు వచ్చాక పాత బండి మీద ఒక రకమైన జాలి పుడుతుంది. షోరూమువాళ్లు ఎక్స్చేంజి కింద చెప్పే ధర వింటే ఒళ్లు మండుతుంది. బయట అమ్ముదామంటే బేరగాళ్లతో విసుగు. సరిగ్గా అప్పుడే ఇంట్లో ఎవరో ఒకరు అంటారు: ‘‘ఏ మిషన్ ఆస్పత్రికో, హాస్టలుకో ఇచ్చేద్దాం. ఎలాగూ ఫోర్ బై ఫోర్ కదా, కొండల్లో వాళ్లకు బాగా పనికొస్తుంది.’’ బెంగళూరు, చెన్నై, పుణె, ముంబైలలో స్థిరపడ్డ మన కుటుంబాల్లో ఈ మాట ఈ మధ్య తరచుగా వినపడుతోంది. స్కార్పియోలు, సఫారీలు, థార్‌లు, బొలేరోలు, అక్కడక్కడా ఇంకా మిగిలిన జిప్సీలు. వారాంతంలో చిక్కమగళూరు కొండలెక్కడానికి కొన్న బండి కోరాపుట్ కొండల్లో ఒక బాలింతను ఆస్పత్రికి చేర్చగలదన్న ఆలోచన మంచిదే. దాన్ని తక్కువ చేసి మాట్లాడటం మా ఉద్దేశం కాదు.

కాని బండిని ఇవ్వడం వేరు, వదిలించుకోవడం వేరు. రెండింటికీ ఫొటో ఒకేలా వస్తుంది. తాళం చెవి చేతిలో పెడుతున్న దాత, చిరునవ్వుతో అందుకుంటున్న ఫాదరో డాక్టరో, బానెట్ మీద బంతిపూల దండ. తేడా తెలిసేది ఆరు నెలల తర్వాత, ఆ బండి రోడ్డు మీద ఉందా, ఆస్పత్రి వెనక వేపచెట్టు కింద టైర్లు లేకుండా ఇటుకల మీద నిలబడి ఉందా అన్నదాన్ని బట్టి.

ఈ తేడా గురించి మనం ఇంత పట్టుదలగా మాట్లాడటానికి ఒక కారణం ఉంది. మనలో చాలామంది తాతలు, ముత్తాతలు కోలారు బంగారు గనుల్లోకి, మద్రాసు, పుణె మునిసిపాలిటీల పారిశుద్ధ్యపు పనుల్లోకి, షోలాపూరు మిల్లుల్లోకి పొట్ట చేత పట్టుకుని వెళ్లినవాళ్లు. ఇచ్చేవాడి చెయ్యి పైన, పుచ్చుకునేవాడి చెయ్యి కింద అన్న ఏర్పాటు ఎలా ఉంటుందో వాళ్లకు తెలుసు. రాత్రి మిగిలిన అన్నం, చిరిగిన చీర, చినిగిన చెప్పులు పెరటి గుమ్మం దగ్గర ఇస్తే కళ్లకద్దుకుని తీసుకోవాలి. తీసుకోకపోతే పొగరు. తీసుకుని మొహం చిన్నబుచ్చుకుంటే కృతజ్ఞత లేదు. ఆ పెరటి గుమ్మాన్ని దాటి వచ్చిన తరాల బిడ్డలం మనం. మనకు నాలుగు డబ్బులు వచ్చాక, మనకు పనికిరానిదాన్ని కొండ ఊళ్ల ఆదివాసుల గుమ్మం ముందు పెట్టి దానికి దానమని పేరు పెడితే ఆ పాత ఏర్పాటులో మనం చోటు మారామే తప్ప ఏర్పాటు మారలేదు.

ఇది కొత్తగా పుట్టిన చింత కూడా కాదు. గుడ్డివాటిని, కుంటివాటిని బలిపీఠం దగ్గరకు తోలుకొచ్చే జనాన్ని మలాకీ ప్రవక్త నిలదీశాడు. పాలు ఒట్టిపోయిన ఆవుల్ని దానమిస్తున్న తండ్రిని చూసి కలవరపడ్డ నచికేతుడు కఠోపనిషత్తులో ఉన్నాడు. గొడ్డు మారి బండి అయింది, అంతే.

ఇక అసలు అవసరం ఎక్కడుందో చూద్దాం. యానాం పాఠకులు ఈపాటికి నవ్వుకుంటూ ఉంటారు. ముప్పై చదరపు కిలోమీటర్ల బల్లపరుపు నేల, చుట్టూ గోదావరి. 2022 జులైలో వరద ఊరిలోకి వచ్చినప్పుడు వాళ్లకు కావలసింది పడవలు, ట్రాక్టర్లు తప్ప థార్ కాదు. కాని సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కితే సంగతి వేరు. కోరాపుట్, రాయగడ, గజపతి, మల్కన్‌గిరి జిల్లాల్లో జయపురం, గుణుపురం, పర్లాకిమిడి లాంటి పట్టణాల్లో తరాలుగా ఉన్న మన తెలుగువాళ్లకు ఆ కొండదారులు తెలుసు. రాయగడ జిల్లా బిస్సంకటక్‌లో 1954లో మొదలైన క్రైస్తవ ఆస్పత్రి ఇప్పటికీ ఆ కొండల జనానికి పెద్ద దిక్కు. మహారాష్ట్రలో తెలుగు బాగా వినిపించే సిరొంచ నుంచి పైకి వెళితే భామ్రాగఢ్ వస్తుంది. వానాకాలంలో పర్లకోట నది పొంగితే ఆ ఊరికి దారి తెగిపోతుంది. పక్కనే హేమల్‌కసాలో బాబా ఆమ్టే 1973లో ప్రారంభించిన లోక్ బిరాదరీ ప్రకల్ప్ ఆస్పత్రి. తమిళనాడులో ధర్మపురి జిల్లా సిత్తిలింగి లోయలో ఇద్దరు డాక్టర్లు 1993లో ఒక గుడిసెలో మొదలుపెట్టిన వైద్యసేవ. ఇవన్నీ మన ఊళ్లకు ఒక రాత్రి ప్రయాణం దూరంలో ఉన్నవే. వీటిలో ఎవరికి ఏ బండి కావాలో, అసలు కావాలో వద్దో వాళ్లే చెప్పాలి. మేము ఈ పేర్లు చెప్పింది బండి పంపమని కాదు, దారులు ఎలాంటివో గుర్తు చెయ్యడానికే.

అయితే కొండలంటే ఫోర్ బై ఫోర్ అని వెంటనే అనుకోవడంలో ఒక పొరపాటు ఉంది. 2016 ఆగస్టులో ఒడిశా కలహండి జిల్లాలో దానా మాఝీ అనే ఆదివాసీ భార్య శవాన్ని భుజానికెత్తుకుని, పన్నెండేళ్ల కూతురు పక్కన ఏడుస్తూ నడవగా, సుమారు పది కిలోమీటర్లు వెళ్లిన దృశ్యం దేశమంతా చూసింది. ఆయన నడిచింది అడవిలో బాట కాదు, భవానీపట్నం జిల్లా ఆస్పత్రి నుంచి బయలుదేరిన తారు రోడ్డు. దాని మీద మామూలు వ్యాను, ఆటో కూడా పోతాయి. అక్కడ కొరవడింది నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే గేరు పెట్టె కాదు. డబ్బు లేని మనిషి కోసం కదిలే బండి, డీజిలు, డ్రైవరు కొరవడ్డాయి.

రెండో వైపు, ఫోర్ బై ఫోర్ కూడా చేరలేని చోట్లు ఉన్నాయి. డోలీ ఇంకా మన కళ్ల ముందే ఉంది. వెదురు బొంగుకు దుప్పటి కట్టి, అందులో నిండు గర్భిణిని పడుకోబెట్టి, ఇద్దరు ముందూ వెనకా మోస్తూ వాగులు దాటించడం ఆంధ్ర, ఒడిశా సరిహద్దు కొండల్లో ప్రతి వానాకాలమూ వార్తే. 2000 డిసెంబరులో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మైదానాల్లో 500 మంది, కొండ, గిరిజన ప్రాంతాల్లో 250 మంది జనాభా ఉన్న ఊళ్లను లెక్కలోకి తీసుకుంది. తర్వాత కొన్నిచోట్ల ఆ గీతను ఇంకా కిందికి దించారు. కాని కొండ మీద ముప్పై గడపల గూడెం మొదటి లెక్కలో ఊరే కాదు. డోలీ కట్టే గూడేలు చాలావరకు అవే. మీ బండి ఎంత గట్టిదైనా అక్కడికి వెళ్లదు. ఆ దారి చివర, డోలీ దించేచోట అది ఎదురు చూడాలి.

కొండల్లో పనిచేసిన నర్సులు, ఆరోగ్య కార్యకర్తలు చెప్పే ఒక సంగతి దాతలకు అంతగా రుచించదు. జీపుకు అసలు పని అర్ధరాత్రి సైరన్ పరుగు కాదు. వారం వారం ఒకే రోజు, ఒకే దారిలో వెళ్లి గర్భిణులకు రక్తపరీక్ష చెయ్యడం, టీకాల పెట్టెను ఐసు కరగకముందే చేర్చడం, క్షయ రోగులకు మందులు అందివ్వడం. నెలలు నిండకముందే తల్లిని కొండ దించి ఆస్పత్రి దగ్గర ఉంచడం. ఒడిశా ప్రభుత్వం ‘మా గృహ’ పేరుతో నడిపే వసతి ఇళ్లు ఇందుకోసమే. కాన్పుకు రెండు వారాల ముందు పగటిపూట తాపీగా జరిగే ఈ ప్రయాణంలో సాహసం ఏమీ లేదు. కాని డోలీ అవసరాన్ని తప్పించేది ఇదే. ఇలాంటి పనికి పెద్ద బండి కన్నా ప్రతి మంగళవారం తప్పకుండా స్టార్టయ్యే బండి కావాలి.

అందుకే బండి ఇవ్వాలనుకునేవారు ముందు దాన్ని ఎగాదిగా చూడాలి. పేరుకు ఎస్‌యూవీ అయినంత మాత్రాన అది కొండెక్కుతుందని కాదు. మన రోడ్ల మీద తిరిగే స్కార్పియోలు, బొలేరోల్లో ఎక్కువభాగం వెనక చక్రాలకే శక్తి ఉన్నవి. నేలకు ఎత్తుగా ఉండటం వల్ల గుంతలు దాటుతాయి గాని బురద ఎత్తులో జారిపోతాయి. నిజమైన ఫోర్ బై ఫోర్ అయితే ఇంకో ప్రశ్న: దాంతో మీరు ఏం చేశారు? ఆఫ్‌రోడ్ సరదాకు వాడిన బండికి కిలోమీటర్ల మీటరు మొత్తం కథ చెప్పదు. నలభై వేల కిలోమీటర్లే తిరిగి ఉండవచ్చు, ఆ నలభై వేలలో వాగుల్లో నడుములోతు దించి, రాళ్ల మీద అడుగుభాగం గీకించి, క్లచ్చి కాల్చి ఉండవచ్చు. ముందు ఇనప గార్డు, వెడల్పాటి టైర్లు, పైకి లేపిన సస్పెన్షన్ తగిలించి ఉంటే అవన్నీ తీసి ఆర్సీలో ఉన్న రూపానికి తెచ్చి ఇవ్వాలి. లేకపోతే ఫిట్‌నెస్ దగ్గరా ఇన్సూరెన్స్ దగ్గరా చిక్కులు పడేది పుచ్చుకున్న సంస్థ.

2020 తర్వాత వచ్చిన బీఎస్ 6 డీజిలు బండ్లలో ఇంకో తలనొప్పి ఉంది. పొగలోని మసిని పట్టే ఫిల్టరు శుభ్రపడాలంటే హైవే మీద కొంతసేపు వేగంగా పోవాలి. ఘాట్‌లో రెండో గేరులో రోజూ పది కిలోమీటర్లు పాకే బండికి అది మూసుకుపోతుంది. బాగు చెయ్యడానికి కంపెనీ వర్క్‌షాపు, లాప్‌టాప్ కావాలి. గుణుపురం మెకానిక్ సుత్తి, స్పానర్లతో లేపగల పాత బొలేరో ఒక్కోసారి మీ మెరిసే బండి కన్నా మేలు.

అలాగని మరీ ముసలిదీ వద్దు. ప్రైవేటు బండి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి అయిదేళ్ల చొప్పున పొడిగించుకోవాలి. దానికి ఫీజు 2022 ఏప్రిల్ 1న 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. పధ్నాలుగో ఏట దానం చేస్తే ఆ ఫీజు, దానికి ముందు చేయించాల్సిన మరమ్మతులు అన్నీ ఎవరి నెత్తిన పడతాయో వేరే చెప్పనక్కర్లేదు. పదిహేనేళ్లు దాటిన తన సొంత బండ్ల రిజిస్ట్రేషన్‌ను పొడిగించేది లేదని 2023 ఏప్రిల్ నుంచి ప్రభుత్వమే నియమం పెట్టుకుంది. జిల్లా ఆఫీసరు ఎక్కడానికి తగనంత పాతబడ్డది నిండు చూలాలిని ఎక్కించడానికి తగుతుందా?

ఖర్చు సంగతి దాతలు అడగరు, పుచ్చుకునేవారు మొహమాటంతో చెప్పరు. మేమే ఒక లెక్క వేశాం. నెలకు 1,500 కిలోమీటర్లు, ఘాట్‌లో లీటరుకు పది కిలోమీటర్లు, డీజిలు 95 రూపాయలు అనుకుంటే నెలకు 14,250, ఏడాదికి 1,71,000. డ్రైవరుకు నెలకు 15,000 ఇస్తే (ఇంతకన్నా తక్కువిచ్చి న్యాయం గురించి మాట్లాడలేం) ఏడాదికి 1,80,000. 1500 సీసీ దాటిన బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఒక్కటే పన్ను కాక 7,897 రూపాయలు. టైర్లు, బ్రేకులు, క్లచ్చి, సర్వీసింగు కలిపి అరవై వేలు వేసుకోండి. అంతా కలిపితే నాలుగు లక్షల ఇరవై వేల దాకా తేలుతుంది. ఎనిమిది, పదేళ్ల బండికి మార్కెట్లో వచ్చే ధర అంత ఉంటే గొప్ప. అంటే మీరిచ్చిన కానుకకు సమానమైన మొత్తాన్ని ఏటా పెట్టమని ఒక చిన్న ఆస్పత్రికి చెబుతున్నారన్నమాట. ఆ డబ్బు ఎక్కడినుంచి వస్తుంది? మందుల బీరువాలోంచి, లేదా నర్సు జీతంలోంచి.

మంచి సమరయుని కథ మనకు కొట్టినపిండి. అయినా అందులో ఒక సంగతి మీద ప్రసంగాలు తక్కువ. అతడు గాయపడినవాణ్ణి ఎక్కించింది తాను పారేద్దామనుకున్న జంతువు మీద కాదు, ఆ రోజు తాను ఎక్కి వచ్చిన జంతువు మీద. పూటకూళ్ల ఇంట్లో దించి చేతులు దులుపుకోనూ లేదు. రెండు దేనారాలు ఇచ్చాడు, పైన ఏమైనా ఖర్చయితే తిరిగొచ్చేటప్పుడు తీరుస్తానని మాటిచ్చాడు. వాహనం, చేతి ఖర్చు, తర్వాతి ఖర్చుకు హామీ, మూడూ కలిపి ఒకటే సహాయం. కాబట్టి బండి ఇచ్చేవారు దానితోపాటు కనీసం మొదటి రెండేళ్ల డీజిలు, డ్రైవరు ఖర్చులో సగమైనా భరిస్తామని రాసివ్వాలని మా అభిప్రాయం. ఒక కుటుంబం వల్ల కాకపోతే నాలుగు కుటుంబాలు కలవచ్చు. ఒకరు బండి, ఒకరు డీజిలు, ఒకరు జీతం, ఒకరు ఇన్సూరెన్స్. అప్పుడు తలుపు మీద ఎవరి పేరు రాయించాలన్న గొడవ కూడా ఉండదు. అసలు ఆ పేర్లు రాయించడమే మానేస్తే ఇంకా మంచిది.

కాగితాల దగ్గర మనవాళ్లు చూపే నిర్లక్ష్యం ఆశ్చర్యం కలిగిస్తుంది. ‘మన ఫాదరేగా, తర్వాత చూసుకుందాం’ అని తాళం ఇచ్చేస్తారు. ఆర్సీలో మీ పేరు ఉన్నంతకాలం చట్టం దృష్టిలో యజమాని మీరే. చేతులు ఎన్ని మారినా ఆర్సీలో పేరు మారని ఒక బండి ప్రమాదం చేసిన కేసులో, పరిహారం కట్టాల్సింది ఆర్సీలో పేరున్న వ్యక్తేనని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో తేల్చి చెప్పింది. నష్టం మీకే కాదు. ఇన్సూరెన్స్ మీ పేరున, బండి సంస్థ చేతిలో ఉంటే దెబ్బ తిన్నవాళ్లకు పరిహారం అందడంలో ఏళ్లు గడుస్తాయి. బదిలీ సంగతి ఇచ్చినవారు అదే రాష్ట్రంలో అయితే 14 రోజుల్లో, వేరే రాష్ట్రానికి అయితే 45 రోజుల్లో ఆర్టీవోకు తెలపాలి. పుచ్చుకున్నవారికి 30 రోజులు. బెంగళూరు బండి రాయగడ వెళ్లాలంటే ఎన్‌ఓసీ కావాలి, అక్కడ మళ్లీ రోడ్డు పన్ను, కొత్త నంబరు. ఆ పన్ను దాత కట్టకపోతే దానం సగమే. బ్యాంకు అప్పు తీరిపోయినా ఆర్సీ మీద హైపోథికేషన్ అలాగే ఉండిపోయిన బండ్లు ఎన్నో. అది ముందే తీయించాలి. బదిలీ అయ్యాక నో క్లెయిమ్ బోనస్ మీ దగ్గరే ఉంటుంది, సంస్థకు పోదు. వాళ్లు కట్టే ప్రీమియం ఆ మేరకు పెరుగుతుందని గుర్తుంచుకోండి. ఇంకోటి, సీట్లు పీకి స్ట్రెచరు పెట్టి ఎర్రరంగు పూసినంతలో అది అంబులెన్సు కాదు. అంబులెన్సుకు వేరే ప్రమాణాలు, వేరే రిజిస్ట్రేషన్ ఉన్నాయి.

పన్ను మినహాయింపు కోసం చూసేవారికి ఒక్క మాట. 80జీ కింద మినహాయింపు డబ్బుగా ఇచ్చిన విరాళానికే, వస్తువుకు లేదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి అదీ లేదు. అమెరికాలో ఉన్న మన పిల్లలు అక్కడి పద్ధతి చెబుతుంటారు: ఫోను చేస్తే చాలు, వచ్చి కారు లాక్కెళతారు, రసీదు ఇస్తారు. నిజమే. కాని దాతలు చూపిన విలువకూ సంస్థకు నిజంగా చేరిన డబ్బుకూ పొంతన లేదని 2003లో అక్కడి ప్రభుత్వ తనిఖీ సంస్థ బయటపెట్టాక చట్టం బిగించారు. 2005 నుంచి, 500 డాలర్లు దాటిన మినహాయింపు కోరితే, సాధారణంగా ఆ కారును సంస్థ అమ్మగా వచ్చిన ధరే లెక్క. సంస్థ తన పనికే గట్టిగా వాడుకుంటేనో, పేదవాళ్లకు చవగ్గా ఇస్తేనో మార్కెట్ విలువ చూపవచ్చు. వాడకం ఉంటేనే విలువ అన్న ఆ సూత్రం మనకు చట్టంలో లేకపోయినా మనసులో ఉండాలి.

‘దానమిచ్చిన ఆవుకు పళ్లు ఎంచినట్టు’ అని మనకో సామెత ఉంది, పుచ్చుకునేవాడి నోరు నొక్కడానికి. మేము సంస్థలకు ఇచ్చే సలహా దీనికి తలకిందులు. పళ్లు ఎంచండి. మీ మెకానిక్‌ను పంపి లిఫ్టు మీద ఎక్కించి చూపించుకోండి. అక్కర్లేకపోతే వద్దనండి. పెద్ద దాతను నొప్పిస్తే వచ్చే ఏడు చందా పోతుందన్న భయం మాకు తెలియనిది కాదు. ఆ భయం పోగొట్టే బాధ్యత దాతలది. ‘మీకు కావాలా, వద్దా? వద్దంటే ఏమీ అనుకోం’ అని ముందే, మనస్ఫూర్తిగా, వీలైతే రాతలో అడగాలి.

చాలా సందర్భాల్లో మేము చెప్పేది ఇంకా సాదాగా ఉంటుంది: బండి అమ్మి డబ్బు ఇవ్వండి. బేరగాళ్లతో పడే ఆ విసుగు కూడా దానంలో భాగమే అనుకోండి. మూడు లక్షలొస్తే అది ఒక డ్రైవరు జీతానికి ఏడాదిన్నర పైన సరిపోతుంది. లేదా కొండ ఊళ్లోనే ఉన్న కిరాయి జీపు యజమానితో నెలవారీ ఒప్పందం చేసుకోవచ్చు. ఆ దారి తెలిసిన మనిషి, ఆ ఊరి బతుకుతెరువు, చెడిపోతే బాగుచేసుకునే పూచీ అతనిదే. దాత ఫొటోకు ఇందులో చోటుండదు.

మరి ప్రభుత్వం సంగతేమిటని కొందరు పాఠకులు తప్పక అడుగుతారు. అడగాలి. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 సేవ మొదలయ్యేదాకా, పిలిస్తే డబ్బు తీసుకోకుండా వచ్చే బండి అన్నది మన దగ్గర ఊహకే అందలేదు. ఇప్పుడది హక్కులా అనిపిస్తోంది, ఒడిశాలో కూడా నడుస్తోంది. మనమిచ్చే జీపు ఆ హక్కుకు బదులు కాకూడదు. ‘అక్కడ మిషన్ బండి ఉంది కదా’ అని అధికారి చేతులెత్తేస్తే మన దానం ఆ ఊరికి కీడే చేసినట్టు. అందుకే బండి తీసుకున్న సంస్థ ఒక నోటుపుస్తకం పెట్టాలి. ఏ తేదీన, ఏ గూడెం నుంచి, ఎంతసేపు 108 కోసం చూశాక మన బండి వెళ్లింది, రోడ్డు ఎక్కడ ఆగిపోయింది, డోలీ ఎంత దూరం మోశారు అని రాయాలి. ఏడాది తిరిగేసరికి ఆ పుస్తకం కలెక్టరు బల్ల మీద పెట్టదగ్గ కాగితం అవుతుంది. దాని నకలు దాతకూ పంపాలి, కృతజ్ఞతాపత్రానికి బదులుగా.

ఈ ఏడు ఎవరైనా బండి ఇవ్వాలనుకుంటే వానలకు ముందే తేల్చుకోండి. జూన్ దాటితే టైర్లు మార్చడానికీ, ఎన్‌ఓసీ రావడానికీ, అక్కడి డ్రైవరు బండికి అలవాటు పడటానికీ వ్యవధి ఉండదు. ఫారం 29 రెండు కాపీల మీద, ఫారం 30 మీద సంతకాలు, పొల్యూషన్ సర్టిఫికెట్, సర్వీసు రికార్డు, జాకీ, స్పేరు టైరు, రెండో తాళం చెవి. ఆ రెండో తాళం చెవి మీ బీరువాలో ఉండిపోకుండా చూసుకోండి.